మూగ బాణాలు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ విలువిద్య శిక్షణ షెడ్డులో ఎవరూ వాడరు. విళ్లకు నారి పేనడం ఆమె పని కనుక అందరికీ నారమ్మ. "నారి కట్టే నారి" అని కోచ్ మొదటిరోజు వేసిన జోకు ఆ రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా అరగకుండా తిరుగుతోంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు నూలు మిల్లులో, కదుళ్ల హోరులో పనిచేసింది. దారం ఎక్కడ తెగబోతోందో ఆమె వేళ్లకు తెలుసు.

పొద్దున్నే క్లాసుకు ముందు ఇంకో పని కూడా ఆమెదే. బాణాలు వినాలి.

ఒకప్పుడు వేటకూ యుద్ధానికీ వాడిన వెదురు బాణం చీలితే కంటికి కనిపించేది. తుపాకులు వచ్చి విల్లు ఆటవస్తువయ్యాక బాణం తేలికవుతూ వచ్చింది. ఇప్పటిది కార్బన్ పోగులను జిగురుతో అతికిన సన్నని గొట్టం. ఇంకో బాణం తగిలితే దానిలో వెంట్రుకంత బీట పడుతుంది, కంటికి ఆనదు. నారి వదిలిన క్షణంలో గొట్టం పాములా వంకర తిరుగుతుంది. బీట ఉంటే అక్కడే పగిలి, పెచ్చులు విల్లు పట్టిన చేతిలో దిగుతాయి. అందుకే బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాస్త వంచుతారు. సన్నగా చిటుకుమంటే అది 'మాట్లాడింది', రేకు డబ్బాలోకి. ఏమీ అనకపోతే 'మూగది', అమ్ములపొదిలోకి. మూగదే మంచిదని ఆ షెడ్డులో లెక్క.

మూడు నెలలుగా ఒక్క బాణమూ మాట్లాడలేదు. డబ్బా అడుగున చలికాలంలో పారేసిన ఒకే ఒక్కటి పడి ఉంది.

"నీ చెయ్యి పడితే బాణాలు కూడా నోరుమూసుకుంటున్నాయమ్మా," అన్నాడు కోచ్.

నారమ్మ మురిసిపోయింది. ఆ మధ్యే ఇంట్లో గోడ గడియారానికి రెండుసార్లు బ్యాటరీ మార్చింది. "ముళ్లు తిరుగుతూనే ఉన్నాయి కదత్తయ్యా," అని కోడలు అంటే, "తిరగడం సరేలే. చప్పుడు లేకుండా ఆ తిరగడమేంటి, దొంగలా," అంది.

కోడలిది ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. ఎడమ బొటనవేలితో తడిమి, పసిపిల్లల చేతిలో కూడా నరం పట్టేస్తుంది. ఇల్లు గడిచేది ఆ చేతి మీదే. కాన్పయ్యాక నడుము పట్టేస్తుంటే, విల్లు లాగితే సర్దుకుంటుందని అత్త పోరగా విలువిద్యలో చేరింది. ముందు ఏ కన్ను చురుకైనదో చూశారు. తర్వాత నెలంతా రబ్బరు పట్టీ లాగించారు. ఇవాళ మొదటి బాణం. పది అడుగుల దూరంలో గడ్డి దిమ్మ, దాని మీద గురి కాగితం కూడా లేదు.

"నా కోడలికి నేను విన్నవే," అంటూ నారమ్మ మూడు బాణాలు ఏరి ఇచ్చింది.

బెంచీ మీద కూర్చున్న కోడలు ఊసుపోక ఒకదాన్ని చెవి దగ్గర వంచింది. "అత్తయ్యా, ఇది గొణుగుతోంది."

నారమ్మ తీసుకుని వంచి చూసింది. "మూగదే."

"నాకు వినిపించింది."

"నీకేం వినిపించదూ? పక్క గదిలో నేను మీ ఆయనతో ఏమన్నానో కూడా వినిపిస్తుంది. ఇది మూగదే, పద."

కోడలు నవ్వి గీత దగ్గరికి వెళ్లింది. ఆరుగురు వరసగా నిలబడ్డారు. గీత మీద ఎవరూ మాట్లాడకూడదు.

నారమ్మ నారి పేనడానికి కూర్చుంది గానీ మనసు నిలవలేదు. డబ్బాలో పాత బాణాన్ని తీసింది. దాని పగులు ఎవరికైనా కనిపిస్తుంది. చెవి దగ్గర వంచింది. చప్పుడు లేదు. మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తూ వంచింది. పగులు నోరు తెరిచినట్టు విచ్చుకుంది, మూసుకుంది. ఏమీ వినపడలేదు.

తల ఎత్తేసరికి కోడలు ఎడమ చేత్తో విల్లు పట్టి, నారిని గడ్డం దాకా లాగి ఉంది.

"వదలకు," అంది నారమ్మ. లేచి నిలబడి గట్టిగా అరిచింది. "వదలకమ్మా, దించెయ్యి."

వరసంతా తిరిగి చూసింది. లాగిన నారిని మెల్లగా వెనక్కి తేవడం రబ్బరు పట్టీతో నేర్చిందే. అంగుళం అంగుళం తెచ్చి, విల్లు కిందికి దించింది.

కోచ్ వచ్చి ఆ బాణాన్ని వంచాడు. అతని ముఖం మారింది. "ఇది మాట్లాడుతోందమ్మా. నీకు వినపడలేదా?"

"లేదు బాబూ. ఏదీ వినపడట్లేదు. ఎప్పటినుంచో కూడా తెలియదు."

"మాటలు వినపడుతున్నాయిగా?"

"ముందు పోయేది సన్నని చప్పుళ్లేనండీ," అంది కోడలు. "మిల్లు హోరుకి చెవులు మందగించినవాళ్లు చాలామంది మా ల్యాబ్‌కి వస్తుంటారు."

కోడలు నేల మీద కూర్చుని షెడ్డులోని బాణాలన్నీ ఒక్కొక్కటే విన్నది. అరవైలో తొమ్మిది మాట్లాడాయి.

"ఈ మూడు నెలల్లో ఇళ్లకి బాణాల సెట్లు ఎవరెవరు పట్టుకెళ్లారు?" కోచ్ అడిగాడు.

నారమ్మ వేళ్లు ముడిచి ఏడుగురి పేర్లు చెప్పింది. కోచ్ వరసగా ఫోన్లు చేశాడు. ఆరుగురు ఎత్తారు, బాణాలు ముట్టుకోవద్దంటే సరేనన్నారు. ఏడో ఆయన, బడి పంతులు, ఎత్తలేదు. ఆయన రోజూ బడికి వెళ్లేముందు, ఈ వేళకే, డాబా మీద ఒంటరిగా సాధన చేస్తాడు.

"మళ్లీ చెయ్యి బాబూ," అంది నారమ్మ.

కోచ్ అప్పటికే మూడోసారి చేస్తున్నాడు.