వీపుకు అంటిన బూడిద

జపాను యుద్ధక్రీడ జియుజిట్సులో వెల్లకిలా పడుకుని కూడా పోరాడవచ్చు, గెలవవచ్చు. దేవసూగూరు పోటీల్లో మాత్రం స్ఫూర్తి అలా పడుకున్న ప్రతిసారీ ఓడినట్టే లెక్క. రెఫరీ జయరామయ్య పాతకాలపు కుస్తీ ఉస్తాదు. ఆట కాగానే పిల్లలను వెనక్కి తిప్పి చూసేవాడు. ఊళ్లోని కరెంటు ప్లాంటు నుంచి వచ్చి పరుపు మీద పడ్డ బూడిద ఎవరి వీపుకు అంటితే వాళ్లు ఓడినట్టు. రాయచూరు బట్టల దుకాణదారు కూతురు స్ఫూర్తి మారుమాటాడక వీపు దులుపుకుని బస్సెక్కేది.

ఈసారి జరిగింది జిల్లా జట్టుకు ఎంపిక పోటీ. స్ఫూర్తి వెల్లకిలా పడుకునే ఉండి, మీదికొచ్చిన ప్రత్యర్థి సహన చీలమండ పట్టుకుని నడుమును పాదంతో నెట్టింది. సహన దబ్బున పడింది. స్ఫూర్తి లేచి నిలబడింది. ఉస్తాదు వంగి, కిందపడ్డ సహన చెయ్యి పైకెత్తాడు.

"ఈ పిల్ల గెలిచింది!"

"నేను పండుకొనే ఉన్న గద తాతా!" అంది సహన.

"నువ్వు ఊకో బిడ్డా. బూడిద ముందుగాల ఆమెకంటింది."

స్ఫూర్తి మొదటిసారి నోరు విప్పింది. "ఉస్తాద్, ఇది కుస్తీ కాదు."

"కుస్తీ కాకుంటే నన్నెందుకు పిలిసిన్రు?"

ఆయన అడిగింది న్యాయమే. జవాబు చెప్పాల్సింది నిర్వాహకులు. జట్టు ఇంకా బయల్దేరలేదు. ఇది చదివినవారు నిర్వాహకుల ఆఫీసుకు వెళ్లి, ఆట తెలిసిన రెఫరీతో ఈ పోటీ మళ్లీ జరిపించమని గట్టిగా అడగండి.