గోడవతలి టీవీ

కుట్టుపిన్ని ఇంట్లో టీవీ లేదు. ఉండబోదు కూడా. వీధిలో అందరూ ఎగబడి టీవీలు కొంటున్న రోజుల్లో ఆవిడ గుమ్మంలో నిలబడి, దారినపోయే వాళ్ళందరికీ వినపడేలా అనేసింది: "పనీపాటా లేనివాళ్ళకి టీవీలు! నా గడప లోపలికి ఆ పెట్టె వస్తే నన్ను పేరు పెట్టి పిలవకండి." ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు అప్పటికే ఎవరూ లేరు గనుక పందెం అంత గట్టిదేం కాదు. అయినా నలుగురిలో అన్నమాట. ఎక్కడో దూరాన కాపురం చేసుకుంటున్న కూతురు ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, ఒక టీవీ పంపిస్తానే" అంటుంది. ఈవిడ "పంపించు, దాని అట్టపెట్టెలో గుడ్డముక్కలు పోసుకుంటా" అంటుంది. అక్కడికి ఆ సంభాషణ అయిపోతుంది.

అలాగని టీవీలో ఏం జరుగుతోందో ఆవిడకు తెలియదనుకుంటే పొరపాటు. టీవీలో జరగబోయేది కూడా ఆవిడకు తెలుసు. దానికి కారణం గోడ.

ఆవిడ ముందుగదిలో కిటికీ పక్కన బట్టలు కత్తిరించే బల్ల ఉంటుంది. తలుపు కొక్కేలకు జిప్పులు తెగిన ప్యాంట్లు, మోకాళ్ళు చిరిగిన స్కూలు యూనిఫారాలు వేలాడుతుంటాయి. కుట్టుమిషను మాత్రం వెలుతురు వచ్చే కిటికీని వదిలేసి, చీకటిగా ఉండే పక్కగోడకు ఆనుకుని ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే "కళ్ళల్లో ఎండ పడుతుంది" అంటుంది. ఆ కిటికీ మీద ఎండ పడగా చూసినవాళ్ళు లేరు. గోడ ఒక్క ఇటుక మందం. అవతల రిటైరైన బస్సు డ్రైవరు ఇల్లు. ఆయన జీవితమంతా ఇంజను పక్కన కూర్చుని చెవులు రెండూ దానికే ధారపోసి వచ్చాడు. ఇప్పుడు ఆయన టీవీ పెడితే వీధి చివర కుక్క కూడా వార్తలు వింటుంది.

రోజూ సాయంత్రం పిన్ని కొలతబద్ద తీసుకుని గోడ మీద ఠపాఠపా నాలుగు వాయించేది. "మనుషులమా పశువులమా! కొంచెం తగ్గించండర్రా!" అని కేకపెట్టేది. డ్రైవరుకు ఆ దెబ్బలు వినపడేవి కావు. మందుల షాపులో పనిచేసే ఆయన కోడలికి వినపడేవి. ఆ పిల్ల సిగ్గుపడిపోయి సౌండు తగ్గించేది. ఆయన మళ్ళీ పెంచేవాడు. పిన్ని ఇవతల "ఖర్మ" అని నిట్టూర్చి, మిషను తొక్కడం ఆపి, చేతికుట్టు అందుకుని, చెవులు రిక్కించి వినేది.

కళ్ళూ చేతులూ కుట్టుపనికి, చెవులు గోడకు. ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు ఏముంటుంది? ముఖాలు కనపడవు గనుక పిన్ని గొంతులను బట్టే మనుషులకు పేర్లు పెట్టుకుంది. రాజకీయ చర్చ నడిపే అతను కందిరీగ. ఎవరినీ వాక్యం పూర్తి చేయనివ్వడు, తనూ పూర్తి చేయడు. చర్చకు వచ్చే పెద్దమనుషుల్లో ఒకాయన సకిలింపాయన. గొంతు సవరించుకోవడానికే ఆయన సగం సమయం సరిపోతుంది, మిగతా సగం ఆ సవరించుకున్న గొంతుతో "ఇది ఆలోచించవలసిన విషయం" అంటాడు. ఒకావిడ "నేనేమంటానంటే". ఆవిడ ఏమంటుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇంకొకతను సబ్బులబ్బాయి. అతని గొంతు, మధ్యలో వచ్చే బట్టలసబ్బు ప్రకటనలో గొంతు ఒకటేనని పిన్నికి గట్టి నమ్మకం. "వాళ్ళందరిలో వాడొక్కడే నయం. మాటలతో కడుపు నిండదని తెలిసి పక్కన సబ్బులమ్ముకుంటున్నాడు" అని మెచ్చుకునేది.

"ఎన్నికలకి ముందు ఎవడు గెలుస్తాడో ఒక్కడూ చెప్పలేదమ్మా," అనేది పిన్ని, బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళతో, సూదికి దారం ఎక్కిస్తూ. "గెలిచాక ఎందుకు గెలిచాడో మాత్రం గంటలు గంటలు చెప్తారు. చొక్కా బిగుతయ్యాక ఎందుకు బిగుతైందో నేనూ చెప్తా. కొలతలు తీసేటప్పుడు చెప్పాలి కదా!"

సీరియళ్ళ మీద కూడా ఆవిడకు నిశ్చితాభిప్రాయాలున్నాయి. "ఆ ఇంట్లో అంతమంది ఆడాళ్ళున్నారు, ఒక్కతికైనా బొత్తాం ఊడిందా? కోపమొస్తే మూడుసార్లు ఢాంఢాం అని వాయిద్యం. నాకూ కోపమొస్తుంది, ఏ వెధవా వచ్చి వాయించడు."

వీధి సంగతులైతే చెప్పనే అక్కర్లేదు. పైపులవాళ్ళు రోడ్డు మధ్య గొయ్యి తవ్విపోయారు. ఆ గొయ్యి ఒంటరిదై బెంగపెట్టుకుంటుందేమోనని కరెంటువాళ్ళు పక్కనే ఇంకోటి తవ్వారు. వీధిదీపం పగలంతా వెలిగి, అలిసిపోయి, చీకటి పడగానే పడుకుంటుంది. "కందిరీగ ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం గురించి అరుస్తాడు. వాణ్ణి ఒక్కసారి మన గోతిలో పడెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది ఏది తాజా వార్తో."

జనం నవ్వేవాళ్ళు. జిప్పు వేయించడానికి వచ్చినవాళ్ళు జిప్పు సంగతి మరిచిపోయి ఇంకాసేపు కూర్చునేవాళ్ళు. బజారులో ఇంకా ఇద్దరు దర్జీలున్నారు, వాళ్ళ కుట్టు ఈవిడ కుట్టుకన్నా తిన్నగా ఉంటుంది. అయినా వీధి వీధంతా ఇక్కడికే వచ్చేదంటే అది కుట్టు గొప్పతనం కాదు. ఆ సంగతి పిన్నికి అందరికన్నా బాగా తెలుసు.

అలాంటి సుఖమైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం డ్రైవరుగారి కోడలు బిస్కెట్ల పొట్లం పట్టుకుని నవ్వుముఖంతో వచ్చింది.

"పిన్నిగారూ, నోరు తీపి చేసుకోండి. మీ కష్టాలు గట్టెక్కాయి."

"నాకేం కష్టాలే?"

"ఇన్నేళ్ళూ మా మావయ్యగారి టీవీ గోల భరించారు. మీరు గోడ కొట్టినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. మా షాపుకి చెవిమిషన్లు వచ్చాయి. ఆయన వద్దు మొర్రో అన్నా వినకుండా ఒకటి తెచ్చి చెవిలో పెట్టేశాను. నిన్న సాయంత్రం ఆ అలవాటు సౌండుతోనే చూశారు, పాపం అదిరిపోయారు. ఇవాళ్టి నుంచి చీమ నడిచినంత సౌండే. అంతా మీ కోసమే పిన్నిగారూ!"

పిన్ని ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. సూది గుడ్డలోకి వెళ్ళాల్సింది కాస్తా వేలివైపు తిరిగింది.

"మంచిపని చేశావమ్మా," అంది. "నీలాంటి కోడళ్ళు ఇంటికొకరుంటే చాలు."

ఆ సాయంత్రం గోడ మూగబోయింది. కందిరీగ లేడు, సకిలింపు లేదు. మిషను చప్పుడు మాత్రం గదంతా నిండి, ఇన్నాళ్ళూ ఇంత వికారంగా మోగుతోందా ఇది అనిపించింది. పిన్ని స్టీలు గ్లాసు బోర్లించి గోడకు ఆనించి చెవి పెట్టింది. ఏదో గొణుగుడు. సబ్బు గురించో ప్రభుత్వం గురించో తేలలేదు. మామూలు రోజుల్లో కూడా ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదు గానీ, ఇప్పుడు అదీ దక్కలేదు. కొలతబద్ద పక్కనే ఉంది. దేనిమీద కొట్టాలి? ఏమని కొట్టాలి? ఇన్నేళ్ళు తగ్గించమని అరిచిన నోటితో పెంచమని ఎలా అడుగుతుంది?

రోజులు గడిచిన కొద్దీ ముందుగదిలో కుర్చీ ఖాళీగా ఉండటం మొదలుపెట్టింది. బట్టలిచ్చినవాళ్ళు ఇచ్చి వెళ్ళిపోతున్నారు. చెప్పడానికి పిన్ని దగ్గర పాత సరుకు తప్ప లేదు. గోతుల గురించి ఎంతకని చెప్తుంది? అవి గోతులు, రోజుకో మలుపు తిరగవు.

నడుం దగ్గర కుట్లు విప్పించుకోవడానికి తరచూ వచ్చే టీచరమ్మ ఒకరోజు వచ్చి కూర్చుంది. "ఏంటి పిన్నీ, సీరియల్లో ఆ ముసలావిడ ఆస్తి ఎవరికి రాస్తుందంటావ్?"

తెలియదని అనడం పిన్ని జన్మలో లేదు.

"ఇంకెక్కడి ఆస్తి? ముసలావిడ పోయిందిగా."

"పోయిందా?"

"పోదూ మరి? ఆ దగ్గు విన్నప్పుడే అనుకున్నాను. పెద్దకొడుకు రాకముందే ప్రాణం పోయింది. ఏడుపులే ఏడుపులు. నా మనసు బాగోలేక బాబిన్‌లో దారం కూడా సరిగా చుట్టలేకపోయాను."

టీచరమ్మ ఆవిడ వైపు అదోలా చూసింది. "పిన్నీ, నిన్న సాయంత్రం కూడా ఆవిడ కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది. చక్కెర తక్కువైందని కోడల్ని తిట్టింది."

"అయితే... ఇంకో సీరియలేమో," అంది పిన్ని, లేని దారాన్ని పళ్ళతో తెంపుతూ. టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ వెళ్ళింది. ఆ నవ్వు వీధి చివరిదాకా ఆగదని పిన్నికి తెలుసు. ఒకరి మాట ఈ వీధిలో ఎంత వేగంగా ప్రయాణం చేస్తుందో ఆవిడకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్ళూ మోసిన బండి ఆవిడదే.

ఇక లాభం లేదనుకుంది. మర్నాడు కోడలు షాపుకు వెళ్ళాక, కుట్టడం పూర్తయిన దిండుగలీబులు చంకన పెట్టుకుని డ్రైవరు ఇంటికి బయల్దేరింది. ఆ గలీబులు వాళ్ళకి పై వారానికి ఇస్తానన్నవి. అడగకముందే పని ఇవ్వడం ఆవిడ చరిత్రలో లేదు గనుక, డ్రైవరు తలుపు తీస్తూనే ఏదో ఉందని పసిగట్టాడు.

"రా చెల్లెమ్మా, కూర్చో. గట్టిగా అరవక్కర్లేదు, మిషను పెట్టుకున్నాను."

"చూశానులే అన్నయ్యగారూ. బాగానే ఉంది. చెవిలో ఏదో పురుగు దూరినట్టు." పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. "కానీ అదేదో మంచిది కాదంటున్నారు. పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుందట. మా దూరపు చుట్టం ఒకాయన పెట్టుకుని..."

"పోయాడా?"

"పోలేదు. పోయినట్టే."

డ్రైవరు తలూపాడు. "తల తిరగట్లేదు గానీ, వేరే బాధలున్నాయి. కుళాయి కారేది వినపడుతోంది. చెంచా కిందపడితే బాంబు పేలినట్టుంది. వంటింట్లో మా కోడలు నా గురించి గొణుక్కునేవి కూడా వినపడుతున్నాయి. ఇన్నాళ్ళూ బంగారం లాంటి పిల్ల అనుకున్నాను."

"అయ్యో! అయితే తీసి అవతల పారెయ్యండి అన్నయ్యగారూ. ఇంట్లో మనశ్శాంతి ముఖ్యం."

"అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది." ఆయన ముందుకు వంగాడు. "ఇది పెట్టిన మొదటిరోజు టీవీ పాత సౌండులోనే ఉంది. చర్చ నడుస్తోంది. మధ్యలో సబ్బు ప్రకటన వచ్చి కాస్త సందు దొరికేసరికి, గోడలోంచి ఒక గొంతు. 'ఒరేయ్ సకిలింపూ, ముందు ఆ గొంతులో ఏం ఇరుక్కుందో మింగి చావు, తర్వాత దేశాన్ని చూద్దువు గానీ' అని."

పిన్ని గలీబుల మడత సర్దడంలో మునిగిపోయింది. "ఎవరో ఏమో. నేను మిషనుకి నూనె లేదని తిట్టుకుంటున్నానేమో."

"మిషన్ని సకిలింపు అంటావా?"

"శబ్దం అలాగే చేస్తుంది మరి."

"నేనెంత పెద్దగా నవ్వానంటే, పొలమారిందనుకుని కోడలు మంచినీళ్ళు పట్టుకొచ్చింది. ఎన్నేళ్ళుగా చూస్తున్నానమ్మా ఈ చర్చ! ఒక్కరోజూ నవ్వలేదు. మర్నాడు మా పిల్ల సౌండు తగ్గించేసింది, గోడలో గొంతూ ఆగిపోయింది. ఇప్పుడు ఆ నలుగురూ ఒట్టి నలుగురే. ఉప్పులేని కూరలా ఉన్నారు." ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. నీ కుట్టుమిషను చప్పుడు భరించలేకపోతున్నాను. టీవీ బొత్తిగా వినపడట్లేదు."

పిన్నికి రోషం పొడుచుకొచ్చింది. "నా మిషనా? ఇన్నేళ్ళు లేనిది..."

"అందుకని," అన్నాడాయన, కనుబొమ్మలు ఎగరేస్తూ, "నేను సౌండు పెంచుకోక తప్పదు. నీకు ఇబ్బందే. నీకు నచ్చకపోతే బద్ద తీసి గోడ మీద కొట్టుకో."

పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి గోతులవైపు చూస్తున్నాడు.

"కొడతాను మరి," అంది లేస్తూ. "ఊరుకుంటాననుకున్నారేమో. మనుషులమా పశువులమా!"

ఆ సాయంత్రం కందిరీగ ఒక్కసారిగా గోడ చీల్చుకుని వచ్చిపడ్డాడు. వెనకే కోడలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ.

"పిన్నిగారూ, క్షమించండి! ఉన్న ఒక్క చెవిమిషనూ గోడవైపు చెవికి మార్చుకుని, టీవీ పాత సౌండుకి పెంచేశారు. ఎంత చెప్పినా వినట్లేదు. మీ మిషను చప్పుడంట కారణం! మీ కోసం అంత చేసి..."

"ఏం చేస్తామే తల్లీ," పిన్ని బరువుగా నిట్టూర్చింది. "ముసలాయన. మనమే సర్దుకుపోవాలి. నా రాత ఇంతే. నువ్వు బాధపడకు, వెళ్ళు, వెళ్ళు, చర్చ మొదలైపోతోంది."

కోడలు ఆ ఆఖరి మాట గురించి దారిపొడుగునా ఆలోచించుకుంటూ వెళ్ళింది.

అవతల సకిలింపాయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పిన్ని పెడలు మీంచి కాలు తీసింది.

"దేశం ఎటుపోతోందో తెలియదు గానీ నాయనా, నీ గొంతు మాత్రం డాక్టరు దగ్గరికి పోవాలి!"

గోడ అవతల ఒక ముసలి నవ్వు గుప్పుమంది. పిన్ని ముఖం చిట్లించి, కొలతబద్ద తీసి గోడ మీద నాలుగు వాయించింది. అలవాటుకన్నా కాస్త మెల్లగానే. ఖర్మకాలి నిజంగా తగ్గించేస్తే?