ఎర్ర పీలిక సీసా

వెబ్ సర్వీసులు రాసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చిట్కాలు అడుగుతుంటారు. డేటాబేస్‌లో టేబుళ్లు ఎలా వేయాలి, దేన్ని ప్రైమరీ కీ చేయాలి అని. నేను అల్లూరులో చూసిన ఒక నీళ్ల సీసా సంగతి చెబుతాను. సగం మంది నవ్వుతారు. నవ్వనీ, నాకు పని నేర్పింది ఆ సీసానే.

మా అల్లూరు వైపు రొయ్యల గుంటలు వేసిన రైతులు, వారానికోసారి గుంట నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపుతారు. ఆ ల్యాబ్ నడిపే అక్క ఫలితాలు నోటు పుస్తకంలో రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేది. ఆవిడ శ్రమ తగ్గిద్దామని ఒక వెబ్ సర్వీసు కట్టి ఇచ్చాను. అంకెలు ఎక్కిస్తే చాలు, సాయంత్రం నాలుగింటికి ఎవరి ఫలితం వాళ్ల ఫోన్‌కు వెళ్తుంది. రైతు ఫోన్ నంబరే ప్రైమరీ కీ, అంటే ఎవరి వరస ఏదో గుర్తుపట్టే ఆనవాలు. ఒక నంబరుకు ఒకే వరస, కొత్త ఫలితం వస్తే పాతదాని మీద రాసేస్తుంది. ఎంత పొందిగ్గా ఉందో అని మురిసిపోయాను కూడా.

"పుస్తకం కూడా ఉండనీలే అబ్బయ్యా," అంది అక్క. దండగని వాదించాను. అప్పట్లో నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు తెలియనిదల్లా ఒకటే. ఇక్కడ ఎవరి సీసా వాళ్లు తేరు. అల్లూరుకు బండి మీద ఎవరు బయల్దేరితే వాళ్ల చేతికే చుట్టుపక్కల గుంటలవాళ్లంతా సీసాలిచ్చి పంపుతారు. కలిసిపోకుండా సీసా మెడకు తలా ఒక రంగు గుడ్డ పీలిక కడతారు.

ఆ రోజు ఒకాయన ఐదు సీసాలు తెచ్చి, అన్నిటికీ తన నంబరే ఇచ్చి వెళ్లాడు. పరీక్షలయ్యాక అక్క పుస్తకం చూసి అంకెలు ఎక్కించింది నేనే. సాయంత్రం నాలుగు దాటాక అక్క సీసాలు కడగబోతూ ఆగింది. ఫలితం అందిందని తేలేదాకా ఆవిడ సీసా కడగదు.

"ఐదు సీసాలుండాయి. నీ కంప్యూటర్లో ఒకటే ఉండాది. ఎర్ర పీలిక సీసాలో అమ్మోనియా బాగా ఎక్కువుండె. ఆ మాట యాడబోయింది?"

ఐదో సీసా ముందు నాలుగింటినీ తుడిచేసింది. ఐదోది తెచ్చినాయనది, ఆయన నీళ్లు బాగున్నాయి. ఆ ఒక్క మెసేజ్ చూసుకుని అందరి నీళ్లూ బాగున్నాయని ఊళ్లో చెప్పేశాడట. ఎర్ర పీలిక ఒక గుంట కౌలుకు తీసుకుని మొదటిసారి రొయ్యలు వేసిన ఆమెది. అక్క పుస్తకంలో పాత పేజీలు తిప్పి ఆమె నంబరు వెతికి ఫోన్ చేసింది.

"మేత ఎయ్యబాక మే, అమ్మోనియా ఇంకా పెరుగుతాది. ముందు నీళ్లు మార్చు."

అప్పటికే ఆమె మేత తట్ట ఎత్తుకుని గట్టు మీద ఉందట. రొయ్యలు దక్కాయి.

ఆ వారమంతా కూర్చుని టేబుళ్లు మళ్లీ కట్టాను. మనుషులకు ఒకటి, గుంటలకు ఒకటి, సీసాలకు ఒకటి. ఏ సీసా నంబరు దానికే. పాత ఫలితం మీద కొత్తది రాయడం మానేశాను. ఏ గుంటదో చెప్పని సీసాను డేటాబేసే తీసుకోదు. ఒకరు తెచ్చిన సీసాలన్నీ చేరితేనే చేరినట్టు, మధ్యలో ఒకటి ఆగితే ఏదీ చేరదు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే చిట్కాలే, నేనూ అంతకుముందు చదివినవే.

ఇప్పుడు ప్రతి సీసాకూ నంబరు చీటీ అంటిస్తున్నాం. తప్పులేమీ రావడం లేదు, నాకూ హాయిగా ఉంది. మొన్న ఆ కౌలు గుంట ఆమె తన మూడో పంట నీళ్లు తనే పట్టుకొచ్చింది. చీటీ ఉన్నా, మెడకు ఎర్ర పీలిక ఉండనే ఉంది. ఇంకా ఇదెందుకమ్మా అని ఆమెను అడిగాను.

"నంబరు చూస్తే నీ కంప్యూటర్‌కు తెలుస్తాది నాయనా. ఇది చూస్తే అక్కకు నేను గుర్తొస్తాను."

ఆ సాయంత్రమే సీసాల టేబుల్‌లో ఇంకో గడి చేర్చాను, పీలిక రంగు అని. అది ఖాళీగా వదిలితే నా డేటాబేస్ సీసాను తీసుకోదు.