ట్రాక్టరుకి కొసరు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, మా షెడ్డు చూసుకుంటున్న తమ్ముడి కొడుకు ఫోను నా ముక్కు ముందు పెట్టి, ఎవరో అమ్మకానికి పెట్టిన పాత లేతు మిషను ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ, చవగ్గా వస్తోందత్తా, ఇప్పుడే అడ్వాన్సు పంపించేస్తాను అన్నాడు. మిషను చూడబోతే పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కొత్త పచ్చరంగు పూసుకుని మెరిసిపోతోంది. బెడ్డు మీద గోరు పెట్టి చూశావా అని అడిగాను. ఫోనులో గోరెలా పెడతారత్తా అని నవ్వాడు. నలభై ఏళ్ళ కిందటి మా నాన్న గోరు గుర్తొచ్చింది.

ఇనుమును గిర్రున తిప్పుతూ కోసే యంత్రం లేతు; పాతది కొనే పనివాడు రంగు చూడడు. మిషను పొడవునా ఉండే ఇనుప పట్టాల్ని బెడ్డు అంటారు; పనిముక్కను పట్టి తిప్పే చోట ఆ పట్టాలు ఎక్కువ అరుగుతాయి కనుక, అక్కడ బొటనవేలి గోరు అడ్డంగా లాగి, మెట్టు తగిలితే మిషను వయసు అయిపోయిందని, తగలకపోతే ఇంకా పదేళ్ళు తిరుగుతుందని చెప్పేసేవారు. రేవు దగ్గర ఒక చిన్న మరమ్మతుల షెడ్డులో ఇరవై రెండేళ్ళు లేతు నడిపే టర్నరుగా పనిచేసిన మా నాన్నను, వేలం జరిగినప్పుడల్లా ఈ గోరు పరీక్ష కోసమే నలుగురూ బతిమాలి వెంట తీసుకెళ్ళేవారు. అలాంటి మనిషి తన జీవితంలో ఒకే ఒక్క మిషను కొని, దాన్ని మాత్రం పరీక్ష చేయకుండా కొన్నాడంటే మీరు నమ్మాలి.

ఎనభైల మొదట్లో ఆ షెడ్డు మూతపడి సామానంతా వేలానికి వచ్చింది. నాన్న ఇరవై రెండేళ్ళు నిలబడి పనిచేసిన లేతు కూడా అందులోనే ఉంది. షెడ్డు మూసినప్పుడు చేతికొచ్చిన సొమ్ముతో నాన్న దాన్ని పాడుకుని, కూర్మన్నపాలెంలో నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పించి, అందులో దించాడు. అప్పట్లో ఆ పక్కనే ఉక్కు కర్మాగారం కట్టడం సాగుతూ ఉండేది. ఎర్రమట్టి దుమ్ములో లారీలు రాత్రీ పగలూ తిరిగేవి. ఎవరిని కదిపినా కాంట్రాక్టు మాటే. అలాంటి కాంట్రాక్టరు ఒకాయన, పునాదుల్లో బిగించే పెద్ద బోల్టులకు మరలు కోసి పదిరోజుల్లో మొదటి విడత ఇవ్వగలిగితే ఏడాదంతా పని నీదే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అన్నాడు. ఈ పని పోతే నాన్న యాభై ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ ఎవరి షెడ్డులోనో రోజుకూలికి నిలబడాలి. అమ్మ ఆ భయంతో స్త్రీల ప్రార్థన కూటంలో లేతు మిషను కోసం కూడా ప్రార్థన చేయించింది.

తీరా మరలు కోయడానికి కూర్చుంటే చక్రాల పెట్టె లేదు. చిన్నా పెద్దా పళ్ళచక్రాలు ఓ పాతిక ఉండే పెట్టె అది. ఏ మరకు ఏ చక్రాలో చూసి మార్చి బిగించుకుంటేనే లేతు మరలు కోస్తుంది, ఒక మిషను చక్రాలు ఇంకో మిషనుకు పట్టవు. వేలం వేసినవాళ్ళు పాత షెడ్డులో కిటికీ కింద ఉన్న ఆ పెట్టెను చిల్లర ఇనుములో కలిపేశారు. కొనేముందు చూసుకోవద్దా నాన్నా అని నేను ఎగిరాను. నాన్న నా వంక చూడకుండా లేతును చేత్తో తుడుస్తూ, “ఇంట్లో మనిసికి పరీచ్చ పెడతామేటే?” అన్నాడు. నేను పెట్టె వెతకడానికి చెప్పులేసుకున్నాను.

పాత షెడ్డు కావలివాడిని అడిగితే, చిల్లర ఇనుమంతా వన్ టౌన్‌లో ఒక పాత సామాన్ల వ్యాపారి పట్టుకెళ్ళాడని, ఆయన ప్రతి శనివారం లారీ నింపి కరిగించడానికి పంపేస్తాడని చెప్పాడు. ఆ రోజు శుక్రవారం. బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగేదాకా నాన్నకు నేను పాఠం చెబుతూనే ఉన్నాను. బీఏలో ఆర్థికశాస్త్రం చదువుతున్నదాన్ని, గిరాకీ గురించి నాకు తెలియదా? మనకు ఆ పెట్టె కావాలని తెలిసిందా, చిల్లర ఇనుము కాస్తా బంగారమైపోతుంది. నువ్వు నోరు విప్పకు, పెట్టె వంక చూడకు, అసలు నీ మొహం అబద్ధం ఆడలేదు కనుక గుమ్మం బయటే నిలబడు అన్నాను. బుద్ధిగా నిలబడ్డాడు.

లోపల నేను తలుపు గడియలు, నీళ్ళ మోటార్లు, తెగిన గొలుసులు అన్నీ అడుగుతూ తిరిగి, చివరికి మా పెట్టె ఉన్న మూలకు చేరాను. దాని పక్కనే ముందు చక్రాలు లేని ఒక పాత ట్రాక్టరు మోకాళ్ళ మీద కూలబడ్డట్టుంది. డ్రైవరు సీటు కింద ఎవరిదో కోడి పొదుగుతోంది. చూపు మళ్ళించడానికి ఇంతకంటే పెద్ద సామాను ఎక్కడ దొరుకుతుంది? దాని ధర అడిగాను. వ్యాపారి చెప్పాడు. నేను ట్రాక్టరు చుట్టూ రెండుసార్లు తిరిగి, తుప్పును తిట్టి, కోడిని తిట్టి, అది ట్రాక్టరు కాదు శవమని నిరూపించి, ఆయన చెప్పినదాంట్లో అయిదో వంతు అడిగాను. ఆయన నన్ను కసురుకుంటాడని, అప్పుడు అలిగినట్టు పక్కకు తిరిగి, పోనీ ఈ పెట్టె ఎంతకిస్తావ్ అనాలని నా పథకం.

ఆయన చుట్ట నోట్లోంచి తీసి, “సరే, పట్టికెలిపో” అన్నాడు.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. నువ్వు అడిగిన ధరకు అమ్మేవాడు సరే అన్నాక వెనక్కి తగ్గితే, ఆ వీధి మొత్తంలో ఇంకెవరూ నీకు మేకు కూడా అమ్మరు. రేపు చిన్న బేరింగు కావాలన్నా ఇక్కడికే రావాల్సిన నాన్న గుమ్మంలో నిలబడి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పక్క కొట్లవాళ్ళు పని మానేసి చూస్తున్నారు. నేను మాత్రం కొంగు సర్దుకుని ఆయన వైపు తిరిగాను. మరి కొసరో అన్నాను.

“ట్రాక్టరుకి కొసరేటే గుంటా? వంకాయలనుకున్నావేటి?”

“శేరు వంకాయలకే కొసరిస్తారు కదా బాబూ, ఇంత ఇనుము కొంటే ఇవ్వరేటి? ఇదిగో, ఈ తుప్పు పెట్టె పడేయండి చాలు.”

వీధి వీధంతా నవ్వింది. ఆయన పెట్టె వంక చూశాడు, గుమ్మంలో ఉన్న నాన్న వంక చూశాడు, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని తలూపాడు.

అలా షెడ్డు మీద రేకులు వేయించడానికి దాచిన డబ్బు ట్రాక్టరైపోయి, లారీ మీద కూర్మన్నపాలెం చేరింది. అమ్మ కొంగు నడుముకు బిగించి దాని చుట్టూ తిరిగి, “దీంతో ఏటి దున్నుతావే? సముద్రాన్నా?” అంది. తాటాకు కిందే నాన్న ఆ వారం రోజులూ మరలు కోశాడు. మొదటి బోల్టుకు నట్టు పెట్టి వేలితో ఒక్కసారి తిప్పితే అది గిర్రున చివరిదాకా దిగిపోయింది, నాన్న దాన్ని తీసుకెళ్ళి ప్రార్థన చేయించిన అమ్మ చేతిలో పెట్టాడు. పదోరోజు కాకముందే మొదటి విడత వెళ్ళిపోయింది.

ట్రాక్టరు మాత్రం నా మొహం మీద కొట్టినట్టు వాకిట్లోనే ఉండేది. ఆదివారాలు తప్ప మిగిలిన సాయంత్రాలు నాన్న దాని మీద పడ్డాడు. విరిగిన భాగాలు తన లేతు మీదే చేసుకున్నాడు, ముందు చక్రాలు ఎక్కడివో తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి అది నల్లటి పొగ కక్కి లేచింది. ఆనందపురం రైతు ఒకాయన దాన్ని కొని నడుపుకుంటూ వెళ్ళాడు, ఆ తరువాత నెలలో తన బావమరిది ట్రాక్టరును వైద్యానికి పంపాడు. కాంట్రాక్టరు పనులు ముగిసి ఆయన వేరే ఊరు వెళ్ళిపోయినప్పుడు, మా చుట్టుపక్కల షెడ్లు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. మా వాకిట్లో మాత్రం ట్రాక్టర్లు వరసలో ఉండేవి. నా డిగ్రీ, తమ్ముడి ఐటీఐ, ఆలస్యంగానైనా రేకులు, అన్నీ ఆ శవం పెట్టినవే.

ఇదంతా నా తెలివేనని చాలా ఏళ్ళు ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వకుండా చెప్పుకున్నాను. నా పెళ్ళికి ఆ వన్ టౌన్ వ్యాపారి కూడా వచ్చాడు. చర్చి బయట విందులో, మా నాన్న పక్కన కూర్చుని, నా కొత్త భర్త వింటుండగానే అన్నాడు:

“మీ గుంట కళ్ళు ట్రాక్టరు మీదున్నాయి గాని మేస్త్రీ, కాళ్ళు ఆ పెట్టె కాడ్నించి కదిలితేనా! నాకు అప్పుడే తెలిసిపోనాది. నిన్ను సూసినాక మరీ తెలిసిపోనాది. కాపోతే ఆ ట్రాక్టరు మూడేళ్ళు నా దారికడ్డంగా ఉండిపోనాది, ఎవుడూ అడిగినోడు లేడు.”

నాన్న కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మా ఆయన నవ్వు ఈ రోజుకీ ఆగలేదు. నా వాదనలన్నింటిలో నేను ఇష్టంగా ఓడిపోయింది అదొక్కటే.

నాన్నా లేడు, ఆ వ్యాపారీ లేడు. ఆ వీధిలో ఇప్పుడు మొబైలు కవర్లు అమ్ముతున్నారు. మా పెట్టెలో చక్రాలు ఒక్కొక్కటే అరిగిపోయాయి, పళ్ళు విరిగిన ఒక్కటి మిగిలి షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుగా ఉంటోంది. మేనల్లుడి ఫోనులో రోజుకు వంద మిషన్లు కనబడతాయి, ఏ ఊళ్ళో ఉన్నా గడప దాటకుండా కొనవచ్చు. అది సుఖమే, కాదనను. కానీ నా కాళ్ళు ఎక్కడున్నాయో చూసి, నా అవసరం మొత్తం చదివేసి, చదివీ ఆ పెట్టె ఇచ్చేసే మనిషి అందులో ఎక్కడుంటాడు?

అడ్వాన్సు పంపనివ్వలేదు. అరగంట వాదించాను, వాడే దిగివచ్చాడు. ఆ పచ్చరంగు లేతు అనకాపల్లి దగ్గరెక్కడో ఉందట, రేపు పొద్దున్న బయలుదేరుతున్నాం. గోరు వాడు పెడతాడు, కొసరు నేను అడుగుతాను. నా కాళ్ళు ఎక్కడ నిలబడుతున్నాయో మాత్రం ఈసారి జాగ్రత్తగా చూసుకోవాలి.