వెనకొచ్చినవాడిదే వెచ్చదనం

మా తమ్ముడు ఓయివాకి నోరు తెరిస్తే లోపలికి చలి దూరుతుందని భయం. వాడు మాట్లాడకపోవడానికి అంతకు మించిన కారణం నాకు ఇన్నేళ్ళలో దొరకలేదు. అలాంటివాడు చేసే పనేమిటయ్యా అంటే, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొత్తవాళ్ళని చలికాలంలో వారంపాటు అడవిలోకి తీసుకుపోయి, మంచులో ఎలా బతకాలో నేర్పడం. తడి కట్టెతో మంట పుట్టించడం, కుక్కల బండి తోలడం, కొమ్మల పాక వేసుకుని పడుకోవడం, గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి చేప పట్టడం, అన్నీ నేర్పుతాడు. మాటల్లేకుండా. మాటలు కావలసిన చోటల్లా నేనుండాలి. వంట నాది, ఉత్తరప్రత్యుత్తరాలు నావి, అలిగినవాళ్ళని బతిమాలే పనీ నాదే. కుర్రతనంలో హోటల్లో పనిచేసినప్పుడు జర్మన్ భాష నాలుగు ముక్కలు పట్టుబడింది. అదే నా కర్మ అయి కూర్చుంది.

ఒకసారి ఒక పెద్దాయన భయం భయంగా అడిగాడు. "ఓయివా గారూ, ఎలుగుబంటి వస్తేనో?"

"నిద్రపోతోంది."

"లేస్తే?"

"లేవదు."

ఆయన నా మొహం చూశాడు. నేను పళ్ళికిలించి, మా తమ్ముడికి ఈ అడవిలో ప్రతి ఎలుగూ తెలుసునండీ అని ఏదో అల్లి చెప్పాను. ఓయివా నన్ను అబద్ధాలకోరుని చూసినట్టు చూసి కుక్కల దగ్గరికి పోయాడు. ఇంకోసారి ఒకమ్మాయి, ఈ రాత్రి ఆకాశంలో ధ్రువకాంతుల రంగులు ఆడతాయా అని ఎంతో ఆశగా అడిగితే తలెత్తి "మబ్బు" అన్నాడు. అంతే. ఆ పిల్ల అంత దూరం నుంచి వచ్చింది దానికోసమే!

పని మాత్రం తెలిసినవాడు. అది కాదనను. నడిచే వరసలో వెనక్కీ ముందుకీ తిరుగుతూ, ఉన్నట్టుండి ఒకరి చేతి తొడుగు లాగేస్తాడు. వేళ్ళ కొనలు నొక్కి చూస్తాడు. ఫరవాలేదనుకుంటే తొడుగు మళ్ళీ తొడిగి పోతాడు. లేదంటే ఆ చేతిని తన చంకలో పెట్టుకుని నిలబడతాడు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ చేతుల్ని కూడా! ముందు ఒక మాట చెప్పరా, జడుసుకుంటున్నారు అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ ఏడు మా బతుకు ఒకావిడ చేతిలో పడింది. పేరు హైకె. మాకు మనుషుల్ని పంపే జర్మనీ కంపెనీలో పెద్ద. ఇకమీద గుంపులన్నిటినీ ఒక్క చోటికే పంపుదామనుకున్నారట, మా దగ్గరికా, సరిహద్దు అవతల స్వీడన్‌లో ఉన్న ఇంకో విడిదికా అని తేల్చుకోవడానికి ఆవిడే ఒక గుంపుని వెంటబెట్టుకుని వస్తోంది. వద్దనుకుందంటే కుక్కల్ని సాకడం మా వల్ల కాదు. తాంపెరె పట్నంలో ఉన్న మా చిన్నాన్న కొడుకు అప్పటికే ఓయివా కోసం ఒక గోదాములో పని చూసి పెట్టాడు. ట్యూబులైట్ల కింద పెట్టెలు మోసే పని. కుక్కల్ని ఎవరో ఒకరు తీసుకుంటారు సరే, ఒక కన్ను పోయిన ముసలి రూస్కాని ఎవడు తీసుకుంటాడు? దాన్ని ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. ఆ విషయం మీద మా వాడు అన్నది ఒక్కటే. "తాంపెరెలో ఊపిరాడదక్కా."

"అయితే ఈ వారం రోజులూ ఆవిణ్ణి కాస్త నవ్వుతూ చూసుకోరా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. తలూపాడు.

నవ్వు సంగతి దేవుడెరుగు. రెండు రాత్రులు వాళ్ళని కొమ్మల పాకలో పడుకోబెట్టాడు. అది ముందే చెప్పిన కార్యక్రమమే, కాదనను. కానీ డిర్క్ అని ఒక లావుపాటాయన ఉన్నాడు, గొణుగుడు ఆపడు. వీపు కింద వేరు ఉందట, పక్కవాడు గురక పెడుతున్నాడట, చారులో పొగ వాసనట. "కారినా గారూ, మూడో రాత్రి మాత్రం గుడిసే కదా? పొయ్యి ఉంటుంది కదా?" అని పూటకోసారి నన్ను అడిగేవాడు. ఉంటుందండీ, పొయ్యి, మంచాలు, నా చేతి సాల్మన్ చేపల చారు, అన్నీ ఉంటాయని పూటకోసారి నేనూ చెప్పాను. హైకె కూడా ఆ రాత్రి మీదే ప్రాణాలు పెట్టుకుందని ఆవిడ ఎర్రటి ముక్కు చూస్తేనే తెలుస్తోంది.

చెరువు గట్టున ఉన్న ఆ దుంగల గుడిసె మా ఊరి తాతలంతా కలిసి కట్టింది. దానికి తాళం లేదు, యజమాని లేడు. ఉన్నదొక్కటే కట్టుబాటు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఆ గుడిసెలో అది అక్షరాలా నిజం. ముందొచ్చినవాడు అప్పటికే ఒళ్ళు కాచుకుని ఉంటాడు. వెనకొచ్చేవాడు చలిలోంచి వస్తాడు. చోటు చాలకపోతే ముందొచ్చినవాడే లేచి పోవాలి. పోయేవాడు పొయ్యి పక్కన చీల్చిన పుల్లలు, అగ్గిపెట్టె పెట్టి మరీ పోవాలి.

మోటారు మంచుబండి మీద చారు గిన్నె వేసుకుని నేను చేరేసరికి అందరూ బూట్లు విప్పేశారు. పొయ్యి మీది తీగకి మేజోళ్ళు వేలాడుతున్నాయి. డిర్క్ మంచమెక్కి పాట కూడా పాడుతున్నాడు. హైకె నన్ను చూసి చేతులు చాపి, "కారినా, ఇది స్వర్గం!" అంది. గట్టెక్కాం రా దేవుడా అనుకున్నాను.

గిన్నె మూత తియ్యబోతుండగా తలుపు తెరుచుకుంది. నిల్లా, వాడి వెనక వాడి బావమరుదులిద్దరు. కొండ మీద తప్పిపోయిన రెయిన్‌డీర్లని వెతికి వెతికి వస్తున్నారు, కనుబొమల నిండా మంచే. రావడానికి లోకంలో ఇంకెవరూ దొరకలేదా! నిల్లా నాతో బడికొచ్చినవాడే గానీ, మా కుక్కలు వాడి చూలు రెయిన్‌డీర్‌ని తరిమి చంపిన నాటి నుంచి ఓయివాతో మాటల్లేవు. ఎన్నో ఏళ్ళయింది. మాట్లాడుకునే రోజుల్లో మాత్రం ఏం ఒలకబోసుకున్నారు గనక, తేడా కనిపెట్టడానికే మాకు ఒక చలికాలం పట్టింది.

ఓయివా వాళ్ళని చూశాడు. మంచాల వంక చూశాడు. లేచి తీగ మీంచి తన మేజోళ్ళు తీసుకున్నాడు.

గిన్నె వదిలేసి అడ్డం వెళ్ళాను. "ఒరేయ్, వద్దురా. సర్దుకుందాం. నేల మీద పడుకుంటారు."

"చోటు లేదక్కా" అని అందరి బూట్లూ తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు.

"ఏమిటిది?" అంది హైకె.

నేను చెప్పాను. ఎంత తియ్యగా చెప్పినా ఆ మాటకి ఉన్న అర్థం ఒకటే. డిర్క్ ఇంతెత్తున లేచాడు. "మమ్మల్ని బయటికి గెంటుతున్నారా? ఈ చలిలోనా?" నిల్లా గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తున్నాడు తప్ప, ఉండనివ్వండి అని ఒక్క ముక్క అనలేదు. మళ్ళీ ఆ కొమ్మల పాకే గతి. దారంతా హైకె నాతో మాట్లాడలేదు. నా తమ్ముడి వీపు చూస్తూ నడుస్తుంటే నాకు పెట్టెలు, ట్యూబులైట్లు, రూస్కా ఒంటికన్ను కనిపించాయి. పళ్ళు నూరుకున్నాను.

తెల్లారి గిన్నె కోసం గుడిసెకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. చారు ఎంత వదిలానో అంతా ఉంది, పైన మంచు పలక కట్టి. ఏ మంచం మీదా ఎవరూ నడుం వాల్చిన గుర్తు లేదు. పొయ్యి పక్కన మాత్రం కొత్తగా చీల్చిన పుల్లలు ముచ్చటగా పేర్చి ఉన్నాయి, పైన అగ్గిపెట్టె. స్కీల జాడ పట్టుకుని వెళితే దిబ్బ వెనకాల డేరా! బయట నిల్లా కాఫీ కాస్తున్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావ్ నువ్వు? గుడిసెలో పడుకోలేదా?"

"ఎలా పడుకుంటాం? మా మొహాలు చూడగానే నీ తమ్ముడు మేజోళ్ళు తీసుకుని లేచాడు. మాతో ఒక్క కప్పు కింద ఉండలేనివాడు ఖాళీ చేసిన గుడిసె మాకెందుకు?"

"మీకు చోటిద్దామని లేచాడురా మహానుభావా!"

"చోటెందుకు? డేరా ఉంది. కాసిని కాఫీ తాగి పోదామని వచ్చాం."

"ఆ ముక్క నోటితో చెప్పలేకపోయావా?"

"అడగలేదుగా."

తల ఎక్కడ బాదుకోవాలో తెలియక కొమ్మల పాకకి పరిగెత్తుకొచ్చి ఓయివాని నిలదీశాను. "డేరా ఉందని చెప్పలేదుగా" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. అక్కడే, అందరి ముందూ, నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వెచ్చటి గుడిసె రాత్రంతా ఖాళీగా ఉంటే, ఊరందరూ కలిసి బయట గడ్డకట్టారు! హైకె ఏమైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను, ఇక దాచి మాత్రం ఏం లాభం. ఆవిడ ముందు నోరు తెరిచింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది, మంచులో కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. డిర్క్ కూడా నవ్వాడు. అన్నిటికన్నా విచిత్రం, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది ఆయనొక్కడేనట.

వెళ్ళే రోజున హైకె నన్ను పక్కకి పిలిచింది. "కారినా, ఇంటికెళ్ళాక వీళ్ళంతా చెప్పుకునేది ఆ ఒక్క రాత్రి గురించే. ప్రతి గుంపుకీ అలా జరగాలి. ఆ ముగ్గుర్నీ రమ్మనండి, వచ్చి లేపమనండి. అలా అయితే గుంపులన్నీ మీవే."

నేను ఎగిరి గంతేశాను. ఇంత చిన్న పనికా! ఓయివాతో చెప్పాను. "ఉహూ" అన్నాడు.

"ఏం ఉహూ?"

"చలేసినవాడికే ఆ గుడిసె. చలేసినట్టు ఆడేవాడికి కాదు."

"ఒరేయ్, రూస్కా గురించి ఆలోచించావా?"

వాడి మొహం నల్లబడింది. చాలాసేపు ఆ ముసలి కుక్క మెడ నిమిరాడు. "ఆలోచించానక్కా" అన్నాడు, "అయినా ఉహూ." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. హైకెకి నిజమే చెప్పాల్సి వచ్చింది. మార్చిలో ఇంకో గుంపుతో వస్తాను, అప్పుడు తేల్చేస్తాను అని వెళ్ళిపోయింది. తాంపెరె నుంచి చిన్నాన్న కొడుకు ఫోను మీద ఫోను.

మార్చి రాకముందే నేను నిల్లా ఇంటికి వెళ్ళాను. మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్క వేసి ఇచ్చాడు. గుట్టంతా విప్పి చెప్పి బతిమాలాను. వాడు తన కప్పులోని జున్ను చెంచాతో తీసి నింపాదిగా తిన్నాడు.

"చలి లేకుండా వచ్చి ఆ తలుపు తియ్యమంటావా కారినా? మా తాత కూడా మోశాడు ఆ దుంగలు."

"నువ్వూ వాడూ ఒక్క తల్లి కడుపున పుట్టాల్సింది!" అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను. దారంతా ఏడ్చాను, కోపంతోనే అనుకోండి.

మార్చిలో హైకె వచ్చింది. మూడో రాత్రి గుడిసె, తీగ మీద మేజోళ్ళు, చారు, అన్నీ మామూలే. హైకె చూపు మాత్రం తలుపు మీంచి కదలదు. ఓయివా గోడకి ఆనుకుని కత్తితో పుల్లలు చీలుస్తున్నాడు, చెయ్యి నిదానంగానే ఉంది గానీ రెండుసార్లు వేలు కోసుకున్నాడు. వాడు వేలు కోసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చారు తాగడం అయిపోయింది. హైకె నిట్టూర్చి స్లీపింగ్ బ్యాగు విప్పుకుంది.

అప్పుడు తెరుచుకుంది తలుపు. నిల్లా, బావమరుదులిద్దరు. గడ్డాలు మంచు ముద్దలు. ఒకడికి దవడలు కొట్టుకుంటున్నాయి.

ఓయివా లేచి గుమ్మంలోంచి బయటికి చూశాడు. నేనూ చూశాను. నిల్లా ఇల్లు చెరువుకి అటువైపే, మంచుబండి మీద రావడానికి ఎంతోసేపు పట్టదు. స్కీల జాడ మాత్రం చెరువు మీంచి రాలేదు. కొండ మీంచి వచ్చింది. ఓయివా నిల్లా చేతి తొడుగు లాగేశాడు. వేళ్ళ కొనలు నొక్కాడు. ఆ చేతిని అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఉంటారా?" అని అడిగాడు. అడిగాడండీ, మా తమ్ముడు!

"ఉంటాం" అన్నాడు నిల్లా.

ఓయివా తీగ మీంచి మేజోళ్ళు తీసుకున్నాడు. హైకె అప్పటికే ఒక బూటు తొడిగేసింది. వెళుతూ వెళుతూ నా చెయ్యి గట్టిగా నొక్కింది, అంతకన్నా కంపెనీవాళ్ళ సంతకం నాకక్కర్లేకపోయింది. కొత్తవాళ్ళు ఆ బూట్లూ ఈ తొడుగులూ వెతుక్కుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ మా వాడి వెనక చీకట్లోకి నడిచారు.

నేను చారు వేడి చెయ్యడానికి ఉండిపోయాను. నిల్లా బూట్లు విప్పడానికి వేళ్ళు వంగడం లేదు. నేనే విప్పి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ మొదలుపెట్టాను. "ఈ వయసులో కొండ చుట్టి వచ్చావా? పొద్దున్న బయల్దేరి ఉంటారు. బుద్ధుందా?"

"రెయిన్‌డీర్లు తప్పిపోయాయి."

"ఇకమీద గుంపు వచ్చిన ప్రతి వారమూ తప్పిపోతాయా ఏమిటి?"

నిల్లా పొయ్యి వైపు చేతులు చాపాడు.

"చెడ్డ మంద కారినా" అన్నాడు. "మా మాట వినదు."

బావమరుదులిద్దరూ నేల చూస్తూ తలూపారు. నేను లేచి వాళ్ళకి ఇంకో గరిటెడు చారు పోశాను.