జవాబు వెనక కూపను

ప్రశ్న పంపడానికి కత్తిరించవలసిన కూపనును సరిగ్గా జవాబుల పేజీ వెనకే అచ్చు వేసేవారు. అది తప్పు. అప్పుడూ తప్పే, నలభై ఏళ్ళు గడిచాక ఇప్పుడూ తప్పే. ఒకడు నోరు తెరిచి ఏదైనా అడగాలంటే ఇంకొకడికి వచ్చిన జవాబును కత్తెరతో కోయాలి. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు డిగ్రీలు చదువుకున్నవాళ్ళే అయి ఉంటారు.

రేడియోలు, మోటార్ల గురించి తెలుగులో వచ్చే మాసపత్రిక అది. పేరు చెప్పను, చెబితే దానికి పేరొస్తుంది. చివరి పేజీల్లో పాఠకుల ప్రశ్నలు వేసేవారు. ఒకరి ప్రశ్నకు తక్కిన పాఠకులు రాసిన జవాబులు తర్వాతి నెలల్లో వచ్చేవి. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. రేడియో విప్పడం ఆ పత్రిక చదివే నేర్చుకున్నాను. బిగించడం మాత్రం దానిలో సరిగా రాయలేదు.

ఎనభైలలో ఒక ఏడు మా అక్క కాలు విరిగింది. వరంగల్‌లో ఉంటూ మిషన్ దవాఖానలో ఆయా పని చేసేది, అక్కడి మెట్ల మీదే జారింది. కాలికి సిమెంటు కట్టు వేసి మంచానికి అప్పగించారు. చర్చికి పోలేదు కాబట్టి తెల్లవారే షార్ట్‌వేవ్‌లో వచ్చే ప్రార్థన కార్యక్రమం ఒక్కటే ఆమెకు దిక్కు. అందులో శ్రోతల ఉత్తరాలు చదివి, వాళ్ళ పేరు పెట్టి ప్రార్థన చేసేవారు. అక్క కూడా తన కాలు గురించి ఉత్తరం వేసింది. పేరు ఏ రోజు వస్తుందో తెలియదు. సరిగ్గా ఆ వేళకే రేడియో గర్రుమనేది.

"తమ్మీ, నా పేరు సదివేనాడే ఇది ఇట్ల మొత్తుకుంటే నేనేం గావాలె? జర సూడరాదు?"

"ఒక్క గంట పని అక్కా. ఫికర్ చెయ్యకు."

సెట్టును హనుమకొండలోని మా ఇంటికి తెచ్చి మధ్యాహ్నం విప్పాను. షార్ట్‌వేవ్ శుభ్రంగా పలికింది. రిక్షాలో తీసుకుపోయి అక్క మంచం పక్కన పెట్టాను. తెల్లవారి మళ్ళీ గర్రు. రిక్షా కుదుపులకు లోపలి కాయిల్ కదిలిందని తేల్చాను. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ విప్పాను. మూడోసారి బిగించాక ఒక స్క్రూ మిగిలింది.

అక్క రెండు రోజులు విని అన్నది: "నువ్వు ముట్టకముందు గర్రు ఒక్కటే ఉండె. ఇప్పుడు ఈల గూడ వస్తాంది."

ఇక పత్రికే గతి అని ఒక ప్రతి కొని, కూపను కోసి, కాగితానికి అంటించి, నా ప్రశ్న పంపాను. మూడో నెలలో అచ్చయింది. ఆపైన జవాబులు రావడం మొదలైంది. ఒకాయన, ఏ కంపెనీ సెట్టో చెప్పకుండా జవాబు ఎట్లా చెప్పగలమని నన్ను మందలించాడు. నేను చెప్పాను, అచ్చు వేసేవాళ్ళు ఆ ముక్క తీసేశారు. ఇంకొకాయన ఏరియల్ ఎత్తు పెంచమన్నాడు. అక్క ఇంటి పెంకుల మీదికెక్కి మునగచెట్టు దాకా రాగి తీగ లాగాను. గర్రు రెట్టింపయింది, నాలుగు పెంకులు పగిలాయి. మూడో ఆయన, వాల్వు సెట్లు వదిలేసి ట్రాన్సిస్టర్లకు ఎగబడ్డవాళ్ళకు తగిన శాస్తి అన్నాడు. నాలుగో ఆయనకు ట్రాన్సిస్టర్ల తరఫున రోషం వచ్చింది. రెండు నెలలు ఇద్దరూ తిట్టుకున్నారు. పెండ్లి పందిట్లో బావలిద్దరు కొట్టుకుంటుంటే పెండ్లికొడుకు మూలకు నిలబడ్డట్టు, నా ప్రశ్న ఆ పేజీలో అట్లా నిలబడింది. చివరికి సంపాదకుడు రెండు వాక్యాలు వేశాడు. చర్చ ఇంతటితో ముగిసిందట. ఇలాంటి ప్రశ్నకు సమాధానం వెనకటి ఒక సంచికలో వచ్చిందట, చూసుకోవాలట. ఏ సంచికో చెప్పలేదు.

గ్రంథాలయానికి పోయి పాత సంచికల కట్ట విప్పుకుని కూర్చున్నాను. దొరికింది. పాలకుర్తి దగ్గరి ఊరాయన ఎవరో అచ్చం నా ప్రశ్నే అడిగాడు: తెల్లవారే, షార్ట్‌వేవ్, గర్రు. ఆత్రంగా తర్వాతి సంచిక తెరిచి జవాబుల పేజీకి పోతే అక్కడ నలుచదరంగా కంత. ఆ కంతలోంచి తర్వాతి కాగితం మీది సబ్బు ప్రకటన కనిపిస్తున్నది.

ఆ పేజీ పట్టుకుని గ్రంథాలయం ఉద్యోగి దగ్గరికి పోయాను.

"ఈ కిటికీ ఎవరు పెట్టిన్రు సార్?"

"నువ్వే కావచ్చు అన్నా. ఈ పుస్తకం సదివేటోళ్ళు ఊరు మొత్తంల ఇద్దరే. రెండో ఆయన పోయినేడు సచ్చిపోయిండు."

"నేను సొంతంగ కొనుక్కొని కోసిన."

"సచ్చిపోయినాయన గూడ గట్లనే అనేటోడు."

వాదించి లాభం లేదని ఆ తర్వాతి సంచిక తీశాను. అది కత్తెర పడకుండా ఉంది. అందులో ఆ పాలకుర్తి వైపు ఆయన ఉత్తరం కూడా ఉంది. "నా సమస్య తీరింది. మిత్రులందరికీ ధన్యవాదాలు." అంతే. ఎట్లా తీరిందో ఒక్క ముక్క లేదు. బావి దొరికినవాడు కడుపునిండా తాగి, నీళ్ళు బాగున్నాయని చెప్పి, బావి ఎక్కడుందో చెప్పకుండా పోయినట్టు. గ్రంథాలయమని కూడా చూడకుండా బల్ల మీద గుద్దాను.

ప్రశ్న కింద ఆయన ఊరూ ఇంటి గుర్తూ ఉన్నాయి. నాలుగు పుటల ఉత్తరం రాశాను. మొదటి రెండు పుటలు ఆయనకు మర్యాద నేర్పడానికే సరిపోయాయి. మిగిలిన రెంటిలో అక్క కాలు సంగతి, ఆమె వేసిన ఉత్తరం సంగతి, పేరు కోసం ఆమె ఎదురుచూడడం రాశాను.

ఈలోగా ఎప్పుడో అక్క కాలి కట్టు తీసేశారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయసాగింది. తెల్లవారగానే మాత్రం రేడియోకు చెవి ఆనించి కూర్చునేది. పేరు ఇంకా రాలేదో, వచ్చి ఆ గర్రులో కలిసిపోయిందో తెలియక మొహం చిన్నబుచ్చుకునేది. "నా ఉత్తరం మంచిగ రాయలేదేమో తమ్మీ," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా పత్రిక వాళ్ళందరినీ వరుసపెట్టి తిట్టేవాణ్ణి. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

ఒకరోజు జవాబొచ్చింది. మర్నాడు పొద్దున్నే అక్కకు చదివి వినిపిద్దామని పోయాను. కానీ పక్కింటి పిండి గిర్నిలో జొన్నలు పట్టించుకునేవాళ్ళ వరుస కదిలే వేళ అది. ఆ మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. గిర్ని ఆగేదాకా ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను. ఆగాక గట్టిగా చదివాను:

"అన్నా, మీ కోపం అందింది. రేడియోను నేను ముట్టనే లేదు. మా ఇంటి పక్కన పిండి గిర్ని ఉన్నది. అది నడిచినంతసేపు గర్రుమంటది, ఆపితే సాఫ్‌గ వినొస్తది. జర ఆలస్యంగ షురూ చెయ్యమని మా అమ్మ గిర్నాయనను అడిగింది, ఆయన సరేనన్నడు. గింత ముచ్చట పత్రికల ఏం రాస్తమని రాయలేదు. మీ అక్క పేరు పోయిన నెలనే చదివిన్రు. వరంగల్ అక్క, మెట్ల మీద పడి కాలు విరిగిందని చెప్పి ప్రార్థన చేసిన్రు. మేము హిందువులమే గని పాటలు బాగుంటయని అమ్మ రోజూ వింటది. ఆనాడు ఆమె గూడ కండ్లు మూసుకొని దండం పెట్టింది. ఆ పిల్ల కాలు ఎట్లున్నదని అప్పటిసంది అడుగుతాంది. ఎట్లున్నదో ఒక కార్డు రాయుండ్రి."