ఆరో మంచం మీది ముడులు

దయ్యాలు, సూచనలు అంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇంట్లో దిష్టి తీస్తుంటే ఎండుమిర్చి దండగని పోట్లాడిన మనిషిని. అందుకే ఇది రాయాలంటే నాకే మొహమాటంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

కరీంనగర్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేస్తాను. రోగులు, వాళ్ల వెంట ఉండేవాళ్లు ఫారాల మీద రాసిన అభిప్రాయాలను ఆఫీసులో టైప్ చేస్తారు. నేను రాసిన ప్రోగ్రామ్ వాటిని చదివి, ఏది నొప్పి గురించి, ఏది భోజనం గురించి, ఏది సిబ్బంది తీరు గురించి అని విడదీస్తుంది. దాన్ని టెక్స్ట్ మైనింగ్ అంటారు.

మా వార్డుల్లో ఒక అలవాటుంది. రాయడం వచ్చినవాళ్లు ఒక్కరుంటే చాలు, చుట్టుపక్కల మంచాలవాళ్లందరికీ వాళ్లే అదే వాక్యం రాసిపెడతారు. అందుకని ఒకే మాట మళ్లీ వస్తే తీసేసేలా ప్రోగ్రామ్‌ను మార్చాను. నా తెలివికి నన్ను మెచ్చుకున్నారు కూడా.

కిందటి ఎండాకాలం, తీసేసినవాటిని ఊరికే తిరగేస్తుంటే ఒకటి కనిపించింది. "ఆరో మంచం అవ్వ దుప్పటి పోగులు గుంజి ముడులేస్తున్నది. నొప్పికే గట్ల చేస్తది. అడిగితె చెప్పది. సూది ఇయ్యుండ్రి."

అదే మాట మూడు ఫారాల్లో ఉంది, మూడు వేర్వేరు వారాల్లో. అసలు కాగితాలు తెప్పించాను. మూడు చేతిరాతలు. ఒకటి ఆదిలాబాద్ ఆయనది, ఒకటి లక్సెట్టిపేట ఆమెది, మూడోదాని మీద పేరు లేదు.

ఫారాల మీద వార్డు పేరు చూసి నవ్వొచ్చింది. అది మగవాళ్ల వార్డు. ఆ రోజుల్లో ఆరో మంచం మీద ఉన్నది శ్రీరాంపూర్ గని కార్మికుడు. మొదటి ఫారం పక్కన 'పొరపాటు' అని గుర్తుపెట్టి మర్చిపోయాను.

చలికాలానికి ఆ వార్డును ఆడవాళ్లకిచ్చారు. అప్పుడే మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, గర్భసంచి క్యాన్సర్ ముదిరిందని తేలింది. మాది సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. తెగిన పోగును చూడకుండానే ముడేసేది అవ్వ. ఆమెకు దొరికింది ఆరో మంచం. నాకేమీ గుర్తు రాలేదు. దానికి నన్ను నేను క్షమించుకోలేను.

రోజూ మధ్యాహ్నం కిందికి దిగి చూసొచ్చేవాణ్ని. నర్సు అడిగేది, "నొప్పున్నదా అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. జర నడుము గుంజుతున్నది, గంతే."

రోగి అడగనిదే మా దగ్గర నొప్పి తగ్గే సూది ఇవ్వరు.

తొమ్మిదో రోజు, ఇంటినుంచి తెచ్చుకున్న ఆమె దుప్పటి సర్దుతుంటే అంచు గరుకుగా తగిలింది. ఎత్తి చూశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ముడులే. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు ఫారాలు.

"ఇవెప్పటి సంది అవ్వా?"

"వచ్చిన నాటి సంది. చెయ్యి ఊకె ఉంటలేదు కొడుకా. నువ్వు ఫికర్ జెయ్యకు, నీ పని చూస్కో."

నర్సుతో గొడవపడి సూది ఇప్పించాను. ఆ మధ్యాహ్నం అవ్వ వేళ్లు కదలకుండా నిద్రపోయింది. నాలుగు రోజులకు పోయింది. తొమ్మిది రోజులు ఆమె పళ్లబిగువున ఓర్చుకుంది. ఆ తొమ్మిది రోజులూ నేను పై అంతస్తులో కూర్చుని 'నొప్పి' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటున్నాను.

తర్వాత లక్సెట్టిపేట ఆమెకు ఫోన్ చేశాను. అప్పట్లో ఆమె భర్తది ఏడో మంచం.

"పక్క మంచం మీద అవ్వ ఉండె గద సారూ. మీకు ఎర్కలేదా?" అంది.

ఆమె చూసింది ఎవరినో, ముగ్గురూ ఒకే మాట ఎలా రాశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చెప్పడం మాత్రం మూడుసార్లు చెప్పారు.

పోయినవాళ్ల వెంట ఉన్నవాళ్లకూ ఫారం ఇస్తారు. అవ్వ గురించి, ఆ ముడుల గురించి, ఆమె చెప్పని నొప్పి గురించి మనసులో ఉన్నది రాసిచ్చాను. ఆ వారం నివేదికలో అది లేదు. వెతికితే తీసేసినవాటిలో దొరికింది. దాని పక్కన నా ప్రోగ్రామ్ ఎప్పటిలాగే రాసింది: ఇంతకుముందే వచ్చింది.